పెద్ద సైజు రెక్కలు

తలుపు దగ్గరికి వేసి ఇరవై నిమిషాలైంది. గడియ పెట్టలేదు, ఊరికే దగ్గరికి వేశారు, అయినా అది నేను తోయగూడని తలుపు. లోపల మంచం మీద ఉడత, వాళ్ళ అమ్మమ్మ. బయట బల్ల దగ్గర నేను, కత్తెర, పట్టుకారు, సగం వంచిన ఒక పొడవాటి తీగ. కిటికీకి అడ్డంగా కట్టిన తాడుకు తొమ్మిది జతల రెక్కలు వేలాడుతూ ఫ్యాను గాలికి ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. పువ్వుల గుత్తులకు చుట్టే మెరుపు కాగితం కదా, ఊపిరి తగిలినా చప్పుడే. ఆ చప్పుడుకు లోపలి మాటలు వినపడడం లేదని లేచి ఫ్యాను ఆపాను, ఆపాక వినపడేలా ఉందని మళ్ళీ వేశాను. వినాలో వద్దో నాకే తెలియడం లేదు. మూడుంబావు. నాలుగింటికి పిల్లలొస్తారు.

ఉడత మా పిల్ల. ఇవాళ్టితో ఆరేళ్ళు నిండాయి. గుండీలు, పెన్సిలు ముక్కలు, రాలిన ఈకలు, ఏది దొరికితే అది జేబుల్లో కుక్కుకుంటుందని వాళ్ళమ్మ పెట్టిన ముద్దుపేరు. వాళ్ళమ్మంటే నేను కాదు. ఆవిడ పోయి రెండున్నరేళ్ళు, నేను ఈ ఇంటికి వచ్చి ఏడాదిన్నర. నన్ను పిన్నీ అంటుంది. ఇప్పుడు లోపల కూర్చున్నది ఆ పోయినావిడ కన్నతల్లి, ఆవిడకు నేనేమవుతానో చెప్పడానికి మాట లేదు. తోడికోడలి అక్కగారి మరిదికి కూడా వరస కట్టగల భాష మనది, అల్లుడి రెండో పెళ్ళానికీ మొదటి అత్తగారికీ నడుమ మాత్రం ఖాళీ వదిలేసింది. అందుకని ఎదురుగా ఉన్నా ఫోన్లో ఉన్నా ఒక్క “అండీ”తోనే నెట్టుకొస్తున్నాను. ఇందాక తలుపు వేసుకుంటూ నావైపు చూసింది, ఏదో అనబోయి, “మంచినీళ్ళు ఒక గ్లాసు ఇయ్యమ్మా” అంది. ఇచ్చాను. గ్లాసు పట్టుకున్న చేతినే చూశాను. ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టిన చెయ్యి అది, ఇప్పటికీ మణికట్టు మగాడి మణికట్టులా ఉంటుంది.

నాది కళ్ళద్దాల దుకాణంలో పని. ముందు గదిలో నవ్వుతూ ఫ్రేములు చూపించేవాళ్ళు వేరే ఉన్నారు, నేను వెనక గదిలో అద్దం అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టే మనిషిని. నువ్వుగింజంత స్క్రూలతో పదకొండేళ్ళుగా కాపురం చేస్తున్న వేళ్ళివి, తీగ వంచడం వీటికి ఓ లెక్క కాదు. అందుకే పుట్టినరోజుకు ఫెయిరీల పార్టీ కావాలని ఉడత అడిగినప్పుడు, బజార్లో దొరుకుతాయి రెక్కలు కొనుక్కొద్దామన్న వాళ్ళ నాన్నను ఆగమన్నాను. నాకున్నది ఒక్క విద్య, అది ఈ పిల్లకు పనికొచ్చే రోజు వచ్చిందని లోలోపల గంతేశాను కూడా. ఇద్దరం నేలమీద బోర్లా పడుకుని కాగితం మీద రాసుకున్నాం. ఎవరెవరు రావాలి, ఫెయిరీలు ఏం తింటాయి (ఉడత లెక్క ప్రకారం పువ్వుల్లోని తేనె, అది దొరక్కపోతే చాక్లెట్ కేకు), మగపిల్లలొస్తే వాళ్ళనేం చెయ్యాలి (వాళ్ళూ ఫెయిరీలే, ఏడిస్తే ఏడవనీ). చివరకు తల వంచుకుని, కాగితం అంచు నలుపుతూ, “ఫెయిరీలకి కళ్ళద్దాలుంటాయా?” అంది. “ఎందుకుండవే? అంత ఎత్తున ఎంత గాలి, ఎంత దుమ్ము! అద్దాల్లేకుండా ఎగిరితే కరెంటు తీగలకి చుట్టుకుని చస్తాయి” అన్నాను, చస్తాయి అన్నందుకు నాలుక కరుచుకున్నాను. అది పట్టించుకోలేదు. తను గీసిన ప్రతి ఫెయిరీ మొహానికీ రెండేసి సున్నాలు చుట్టుకుంటూ పోయింది.

అప్పుడే అంది. “ఇంకో జత రాయి పిన్నీ.” వాళ్ళు ఎనిమిదిమంది, నువ్వొకదానివి, తొమ్మిది సరిపోయాయి కదే అన్నాను. “ఇంకోటి. పెద్ద సైజు. అమ్మకి.” నేను తలెత్తలేదు. “అమ్మకి రెక్కలున్నాయిలే. కానీ అప్పటివి కదా, ఈపాటికి పాతబడిపోయుంటాయి. చిరిగినవి వేసుకుని అందరి ముందుకీ ఎలా వస్తుంది?” చెప్పులు తెగాయి కొత్తవి కొనాలి అన్నంత మామూలుగా అంది. మా ఎదురింటి డాబా మీద ఒక ముసలాయన గింజలు చల్లుతుంటాడు, ముందు ఒక పావురం దిగుతుంది, దాన్ని చూసి రెండోది, కాసేపటికి డాబా కనబడదు. ఉడత కిటికీ దగ్గర కూర్చుని అదంతా చూసి లెక్కగట్టుకుంది. ఫెయిరీలు బోలెడంతమంది ఒక్కచోట చేరితే పైనుంచి వెళ్ళే ఫెయిరీకి కనబడుతుందట, మనవాళ్ళే అనుకుని కిందికి దిగుతుందట. “అందుకే పార్టీ మన డాబా మీద పెడదాం. ఇంట్లో అయితే కనపడం.” నా చేతిలో పెన్ను కాగితం మీద ఆగినచోట సిరా ఊరి నల్లటి మచ్చయింది. ఇదన్నమాట సంగతి, కేకు కోసం కాదు, ఆటల కోసం కాదు, నెల రోజులుగా ఈ పిల్ల గింజలు చల్లుతోంది.

ఆ సాయంత్రం ఆయనకు చెప్పాను. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయి కేకలు వేస్తున్నవాళ్ళతో పైనుంచి మెల్లగా మాట్లాడుతూ, ఏం కాదు, ఇంకో రెండు నిమిషాలు అంటూ, వాళ్ళను బయటికి లాగే మనిషి. ఈ మాట వినగానే మెట్లమీద కూర్చుండిపోయాడు. “మీ అమ్మ ఫెయిరీ అయి ఎగిరిపోయిందని అత్తయ్యే చెప్పింది. అప్పుడు పిల్ల మూడు రోజులు మెతుకు ముట్టలేదు. ఆ మాట విన్నాక తింది. నేనూ ఊరుకున్నాను.” తనే మళ్ళీ, “పార్టీ అయ్యాక చెబుదాం, పుట్టినరోజు పూట ఏడిపించడమెందుకు” అన్నాడు. అయ్యాక ఏం చెబుతాం? అప్పటికే సాయంత్రమంతా డాబా మీద నిలబడి ఆకాశంలోకి చూసుంటుంది, మిగతా పిల్లలు బుడగలు పగలగొడుతుంటే ఇది మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూసి, చీకటిపడి అందరూ వెళ్ళిపోయాక కొత్త రెక్కలు చేతిలో పట్టుకుని నిలబడుంటుంది. అంతకన్నా పుట్టినరోజు ముందు ఏడవడమే నయమని నేనన్నాను. “నువ్వన్నదే నిజం. కానీ నా వల్ల కాదు” అన్నాడు. ఇవాళ మధ్యాహ్నం కూడా, అత్తగారు ఇంట్లో అడుగుపెట్టగానే నమస్కారం పెట్టి, కేకు తెస్తానని వెళ్ళాడు. కేకు మూడున్నరకి గానీ ఇవ్వరు. కోపం రాలేదు నాకు. అందరూ అన్ని తలుపుల ముందూ నిలబడలేరు.

ఆవిడకు ఫోను చేసింది నేనే, దుకాణంలో భోజనాల వేళ, అద్దాలు అరగదీసే యంత్రం ఆపి. ఆవిడ ఈ ఇంటికి రావడం మా పెళ్ళి తర్వాత మానేసింది, ఉడతనే సెలవుల్లో అక్కడికి పంపేవాళ్ళం. సంగతంతా చెప్పాను. అవతలినుంచి ఆవిడ, “చెప్పాను. అవును. ఆ రోజు నోటికేదొస్తే అది చెప్పాను” అంది. తప్పని అనడం లేదండీ అన్నాను. “నువ్వే చెప్పొచ్చుగా నిజం?” అంది, కొంచెం గట్టిగానే. “నేను చెబితే, అమ్మ రాదని సవతి తల్లి చెప్పినట్టుంటుందండీ. కథల్లో మా పేరు అసలే బాగాలేదు” అన్నాను, ఎందుకన్నానో తెలియదు, భయంతో వచ్చిన వెటకారం. అటునుంచి ఒక చప్పుడు, దగ్గేమో అనుకున్నాను, కాదు, నవ్వింది. మొట్టమొదటిసారి నా మాటకు నవ్వింది. “అదీ నిజమే. ముడి వేసింది నేను, విప్పాల్సిందీ నేనే. శనివారం వస్తాను” అంది. శనివారం జ్వరం, ఆదివారమూ తగ్గలేదు. చివరకు ఇవాళే, రెండింటికి, ఆటో దిగి, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, మూడంతస్తులు ఎక్కి వచ్చింది. ఆయన బాగుచేసే లిఫ్టులన్నీ ఊళ్ళో ఉన్నాయి, మేముండే ఇంటికి మాత్రం లేదు.

లోపల ఉడత గొంతు. ఫ్యాను చప్పుడులోంచి ముక్కలు ముక్కలుగా. “…అబద్ధాలు చెప్పకూడదు.” తర్వాత ముసలి గొంతు, “చెప్పకూడదు. కానీ చెప్పాను.” “ఎందుకు?” జవాబు వినపడలేదు. నేను తీగ పట్టుకున్నాను, వదిలాను, మళ్ళీ పట్టుకున్నాను. “అయితే ఇప్పుడెక్కడుంది?” అని ఉడత, ఆ తర్వాత ఏడుపు మొదలైంది. దాని ఏడుపులన్నీ నాకు తెలుసు, పడితే ఒకటి, అడిగింది ఇవ్వకపోతే ఒకటి, నిద్రొచ్చి ఒకటి. ఇది వాటిలో లేదు. చిన్న గొంతులోంచి పెద్దమనిషి ఏడుపు. నేనెప్పుడు లేచానో, తలుపు పిడి మీద చెయ్యి ఎప్పుడు పడిందో. ఆ పక్కనుంచి ఆవిడ గొంతు, తడిగా, “నాకు భయమేసిందమ్మా. నువ్వు తినకపోతే నువ్వూ పోతావని భయమేసింది. అందుకే అలా చెప్పాను” అంటోంది. పిడి మీంచి చెయ్యి తీసేశాను. ఆ గదిలో ఇద్దరూ పోగొట్టుకున్నది ఒకే మనిషిని. నేను పోగొట్టుకోలేదు, నాకా మనిషి వల్ల దొరికిందే గానీ పోయింది లేదు.

ఇది నేను ఎవరితోనూ అనలేదు, అంటే ఎలా వినిపిస్తుందోనని. ఉడతకు మూడేళ్ళప్పుడు, బొమ్మల పుస్తకం చూస్తూ తల ఎప్పుడూ ఒకే పక్కకు వంచుతోందని వాళ్ళమ్మ కనిపెట్టింది. ఎవరికీ అనిపించలేదట, ముద్దుగా ఉందనే అన్నారట. అప్పటికే ఆవిడకు ఒంట్లో బాగాలేదు, తన మందుల చీటీలే సంచీ నిండా ఉన్నాయి, అయినా పిల్లను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఒక కన్ను బద్ధకిస్తోంది, రెండోదాన్ని మూసి దీనిచేత పని చేయించాలి అన్నారు. నా పనిలో ఇలాంటి పిల్లలను చూస్తుంటాను, పదేళ్ళప్పుడు తెస్తారు, పన్నెండేళ్ళప్పుడు తెస్తారు, ఇన్నాళ్ళు ఎందుకాగారండీ అని నోటిదాకా వచ్చి మింగేస్తాను, అప్పుడు ఏ అద్దం పెట్టినా చూపు కొంతే వస్తుంది. ఉడత కన్ను నిలబడింది. మూడేళ్ళకే ఒక తల్లి తల వంపు చూసింది కాబట్టి నిలబడింది. ఆ కళ్ళద్దాలు విరిగితేనే వాళ్ళ నాన్న మా దుకాణానికి వచ్చాడు, నెలలో మూడుసార్లు విరిగాయి, మూడోసారి ఉడత తనే వెనక గదిలోకి నడిచొచ్చి, “నువ్వేనా అతికించేది? మళ్ళీ నేనే కూర్చున్నాను వాటి మీద” అని ఒప్పుకుంది. ఆ ఒప్పుకోవడానికే నేను పడిపోయాను. ముప్పై ఆరేళ్ళు వచ్చి, ఇంక నాకంటూ ఇల్లేముంటుందిలే అని టిఫిన్ డబ్బా ఒకటే కడుక్కుంటున్న రోజులవి. నేను ఎన్నడూ చూడని ఒక మనిషి, తన రోజులు అయిపోతున్న వేళ, కూతురి తల వంపు గమనించి, తెలియకుండానే ఈ ఇద్దరినీ నా బల్ల దగ్గరికి పంపింది.

వంటింట్లో సీసాల మీద ఇప్పటికీ ఆవిడ రాతే ఉంది, ఉప్పు, పంచదార, టీ పొడి, ‘పం’లో సున్నా అక్షరమంత పెద్దగా, నవ్వొచ్చేలా. కొత్తలో వాటిని తీసెయ్యమని మా అక్క చెప్పింది. నేను తీయలేదు. పోయినేడు తడి తగిలి టీ పొడి అక్షరాలు వెలిసిపోతే సన్న కుంచెతో అవే వంపుల మీదుగా మళ్ళీ దిద్దాను. అది చేస్తున్నంతసేపూ ఆవిడ చెయ్యి ఎటు తిరిగేదో నా చేతికి తెలిసింది. ఉడత అన్నం ముద్దను ఊదుకుని తింటుంది, కుర్చీకి కాలు తగిలితే కుర్చీకి సారీ చెబుతుంది, తుమ్మినప్పుడు తనకు తనే “పర్వాలేదు” అనుకుంటుంది. ఇవేవీ నేను నేర్పినవి కావు. నేర్పిన మనిషికి థాంక్స్ చెప్పే వీల్లేదు కాబట్టి జుట్టు చిక్కు తీసేటప్పుడు ఇంకొంచెం మెల్లగా తీస్తాను.

ఫోను మోగింది. ఉలిక్కిపడి, లోపలికి వినపడుతుందని చటుక్కున ఎత్తాను. కింది వాటాలో ఉండే నర్సు. “ఏమండీ, మా చిన్నాడు కూడా వస్తానని పొర్లి ఏడుస్తున్నాడు. రెండేళ్ళోడు, వాడికీ ఏమైనా రెక్కలు…” నేను బల్లవైపు చూశాను. తెచ్చిన తీగలో మిగిలింది అదొక్కటే, సగం వంచిన పెద్దది. ఉడత అడిగిన రోజే మొదలుపెట్టాను దాన్ని, అడిగింది కదా అని, చెయ్యడం తప్పో చెయ్యకపోవడం తప్పో తేల్చుకోలేక సగంలో ఆపాను. “పంపండి, ఉంటాయి” అని ఫోను పెట్టేసి పట్టుకారుతో ఆ పెద్ద వంపులను ఒక్కొక్కటే తిన్నగా సాగదీశాను. వంచిన తీగ పూర్తిగా తిన్నగా అవదు, ఎక్కడో చిన్న అల మిగులుతుంది. ఆ అలలను అలాగే ఉంచి, ముక్క కోసి, అరచేతికన్నా కాస్త పెద్దవి రెండు రెక్కలు చుట్టి, కాగితం అంటించి, భుజాలకు వార్లు కుట్టాను. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లో లోపల ఏడుపు తగ్గి, వెక్కిళ్ళై, ముక్కు చీదిన చప్పుడై, తర్వాత రెండు గొంతులు మామూలుగా ఏదో మాట్లాడుకోవడమైంది. నాకు అప్పుడొచ్చింది ఏడుపు, పనంతా అయ్యాక, ఎవరూ చూడకుండా, హాయిగా.

తలుపు తెరుచుకుంది. ఉడత. ముక్కు ఎర్రగా, కళ్ళు ఉబ్బి, కళ్ళద్దాలు చేత్తో పట్టుకుని. నావైపు రాలేదు, గోడ పక్కగా నడిచి సింకు దగ్గర నిలబడింది. కన్నీళ్ళు ఆరిన అద్దం మీద ఉప్పు మరకలు కడతాయి, పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, నీళ్ళతోనే కడగాలి. అది దానికి నేను నేర్పినదే. వెళ్ళి కొళాయి తిప్పాను. ఇద్దరం వంగి అద్దాలను చూస్తున్నాం.

“అమ్మ రాదట.”

“అవునమ్మా. రాదు.”

“చచ్చిపోతే రారట. ఎవ్వరూ.”

“ఊఁ.”

నీళ్ళు పోతూనే ఉన్నాయి. “నువ్వు కూడా చచ్చిపోతావా?”

ఇంతసేపూ ఒక ముసలామె ఆ గదిలో కూర్చుని అబద్ధాన్ని వెనక్కి తీసుకుంది, ఇప్పుడు నేను ఇంకొకటి ఎలా ఇస్తాను? “పోతాను” అన్నాను. “ఎప్పుడో నాకూ తెలీదు. బాగా ముసలిదాన్నయ్యాక అనుకుంటున్నాను.”

“ఇవాళ?”

“ఇవాళ కుదరదు. పదిమందికి జ్యూసు పొయ్యాలి.”

“రేపు?”

“రేపు ఆ గ్లాసులన్నీ ఎవరు కడుగుతారు?”

అది ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, పెదవి కొరుక్కుంటూ, గ్లాసుల లెక్క సరిచూసుకుంటున్నట్టు. తర్వాత కళ్ళద్దాలు దులిపి పెట్టుకుని, చెవుల వెనక సర్దుకుని, “అయితే జడ వెయ్యి. టైమవుతోంది. పార్టీ ఇంట్లోనే పెట్టుకుందాం, డాబా మీద ఎండ” అంది. దువ్వెన తెచ్చి నా ముందు నేలమీద చతికిలబడింది. వెక్కిళ్ళు ఇంకా పూర్తిగా పోలేదు, మధ్యమధ్యలో వీపు అదురుతోంది, ఆ అదురు దువ్వెనలోంచి నా చేతిలోకి వస్తోంది. నేను దేవుణ్ణి పెద్దగా తలుచుకునే మనిషిని కాను, కానీ ఆ అదురు నా చేతిదాకా రావడం ఎంత పెద్ద అదృష్టమో ఆ క్షణంలో తెలిసి, ఎవరికి చెప్పుకోవాలో తెలియక, పాయలు తీశాను.

అమ్మమ్మ గదిలోంచి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. ఈ ఒక్క గంటలో పదేళ్ళు మీదపడ్డట్టు ఉంది. కూర్చోండని కుర్చీ చూపించాను, కూర్చోలేదు. తాడు మీది రెక్కలను, బల్ల మీది చిన్న జతను, మా ఇద్దరినీ చూస్తూ ఉండిపోయింది. అంతలో గంట మోగింది, మెట్లమీద పిల్లల అరుపులు, ఎవరో పడ్డారు, ఎవరో నవ్వారు. నేను లేవబోయాను. ఆవిడ చేత్తోనే ఆగమంది. మోకాలు పట్టుకుని వీధి తలుపు దాకా నడిచింది, ఒక్కసారి మొహం తుడుచుకుంది, తలుపు తీసింది.

“రండి రండి, లోపలికి రండి” అంటోంది, పోస్టాఫీసు కిటికీలోంచి వరసలో చివరివాడికి కూడా వినిపించే గొంతుతో. “కూర్చోండి, ఇప్పుడే వచ్చేస్తుంది. వాళ్ళమ్మ జడ వేస్తోంది.”

మూడు పాయలూ నా వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయాయి.

“ఊఁ, వెయ్యి” అంది ఉడత.